ఇరవై ఆరు చుక్కలు

బస్సు చంద్రగిరి దాటకముందే వరదమ్మ నిద్రపోయింది. అది మామూలు నిద్ర కాదు. తెల్లవారుజామున మూడింటికి లేచి నాలుగు సీమావుల పాలు పిండి, సొసైటీలో పోసి, కోడలిని వెంటబెట్టుకుని తిరుపతి వచ్చి, ఆసుపత్రి బెంచీ మీద మూడు గంటలు నిటారుగా కూర్చుని, అనుకున్న పని సాధించుకుని తిరిగి వెళ్తున్న మనిషి నిద్ర. తల కోడలి భుజం మీదికి జారింది, నోరు కాస్త తెరుచుకుంది, ఒడిలో చుట్టచుట్టి పెట్టుకున్న మూడు క్యాలెండర్ల మీద పట్టు మాత్రం సడలలేదు. కిటికీ పక్కన సుజన కదలకుండా కూర్చుంది. కదిలితే అత్త లేస్తుంది, లేస్తే మాట్లాడుతుంది, మాట్లాడితే సంతోషంగా మాట్లాడుతుంది, ఆ సంతోషాన్ని ఐరాల దాకా భరించే ఓపిక సుజనకు లేదు. అన్నం తర్వాత వేసుకున్న తెల్లమాత్ర కడుపులో తిప్పుతోంది. మొదటి మాత్ర. చాక్‌పీసు ముక్కంత లావు. మొదట్లో వికారంగా ఉంటుంది, విరేచనాలు కూడా కావచ్చు, మానేయవద్దు, కొన్నాళ్లకు ఒళ్లు అలవాటు పడుతుంది అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆసుపత్రి ఎదుటి భోజనం హోటల్లో వరదమ్మే మాత్ర ఒలిచి చేతిలో పెట్టింది, గ్లాసు అందించింది, మింగేదాకా చూసి, మింగినాక కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. ఏ దేవుడికి ఏం మొక్కుకుందో అడగాలంటే సుజనకు భయమేసింది.

రోడ్డు పక్క తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. జ్యూసు ఫ్యాక్టరీ గేటు ఎప్పుడు తెరుస్తారా అని డ్రైవర్లు చక్రాల నీడన పడుకున్నారు. మగ్గిన మామిడి వాసన కిటికీలోంచి గుప్పున కొట్టేసరికి సుజనకు నోట్లో నీళ్లూరాయి, వాంతి ముందు ఊరే నీళ్లు, గట్టిగా మింగింది. ఇలాంటి నీళ్లే ఒకసారి ఊరాయి, అప్పుడు ఈ మాత్ర లేదు. వద్దు, దాని జోలికి పోవద్దు. ట్రాక్టర్లను చూడు. చక్కగా రాసుకున్నారమ్మా, ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరు అని డాక్టరమ్మ అత్తను మెచ్చుకుంది. ఆ మాటతోనే అత్త ముఖం వెలిగిపోయింది. పాల సొసైటీ వాళ్లు ఏటా ఇచ్చే క్యాలెండర్లు అవి. వాటి గడుల్లో వరదమ్మ నీలం పెన్నుతో ఆవుల సంగతి రాస్తుంది, ఏది ఏ రోజు ఎదకొచ్చింది, ఏ రోజు సూది వేయించారు, ఎప్పుడు ఈనాలి. ఆ గడుల్లోనే ఎర్ర పెన్నుతో కోడలికి నెలకొక చుక్క. తేదీలు రాసుకున్నారా అని డాక్టరమ్మ అడిగిందే తడవు, వరదమ్మ సంచిలోంచి చుట్ట తీసి బల్ల మీద పరిచింది. ఇరవై ఆరు చుక్కలు. ఒక్కో చుక్కకూ మధ్య ఇరవై తొమ్మిది రోజులు, ముప్పై రోజులు. ఆ నీలం గీతలేమిటని డాక్టరమ్మ అడిగితే అవి ఆవులవి మేడం అని చెప్పి వరదమ్మ సిగ్గుపడింది, గదిలో నర్సు కూడా నవ్వింది. సుజన కూడా నవ్వింది. ఆ ఇరవై ఆరింటిలో ఒక్కటీ నిజం కాదు.

ఎంత సులువుగా నవ్వగలిగింది! స్కానింగు కాగితం చూస్తూ డాక్టరమ్మ నవ్వు ఆపేసింది. రెండు పక్కలా అండాశయాల నిండా చిన్న చిన్న నీటిబుడగలు, దీన్ని పీసీఓఎస్ అంటాం, భయపడాల్సిందేమీ లేదు, మందులున్నాయి, కానీ మామూలుగా ఇలాంటి వాళ్లకు నెలసరి రెండు నెలలకో మూడు నెలలకో వస్తుంది, ఇంత సక్రమంగా రాదే అంటూ కళ్లద్దాల పైనుంచి సుజనను చూసింది. తేదీలు నిజమేనా అమ్మా? ఆ ప్రశ్న సుజనకే. జవాబు వరదమ్మది. "నిజమే మేడం. నెలనెలా నీళ్లు పోసేది నేనే కదా." ఎప్పుడైనా కడుపు నిలిచి పోయిందా? "లేదు మేడం. మొదట్లో మూడుసార్లు ఊరికే ఆశపెట్టింది, అంతే." డాక్టరమ్మ చూపు ఇంకా సుజన మీదే ఉంది. ఒక్క నిమిషం మీరు బయట కూర్చుంటారా అని అత్తతో అంటుందేమోనని సుజన ఎదురుచూసింది. అనకూడదని మొక్కుకుంది కూడా. రెండూ ఒకేసారి. అంతలో నర్సు తర్వాతి పేరు పిలిచింది, సుజన తల దానంతట అదే ఊగింది, అవును మేడం. డాక్టరమ్మ ఐదు చిన్న పసుపు మాత్రలు రాసింది. పద్నాలుగున రావాలి కదా, వచ్చిన రెండో రోజు నుంచి ఐదు రోజులు, పన్నెండో రోజు స్కానింగుకు రండి, ఒకవేళ రాకపోతే మాత్రలు మొదలుపెట్టకుండా నా దగ్గరికి రండి, తేదీ తప్పితే మందు తప్పుతుందమ్మా. ఈ రోజు పదకొండు. పద్నాలుగున ఏమీ రాదు. నిజంగా వచ్చింది ఉగాదికి ముందు, మార్చి నెలలో, ఆ రోజు సుజన ఎవరికీ చెప్పకుండా పూజగదిలో దీపం వెలిగించి, వంట చేసి, ఆవుల పాలు పిండింది.

మొదలుపెట్టింది మోసం చేద్దామని కాదు. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలి, కానీ ఎవరికి? పెళ్లయిన రెండో నెల, నెలసరి రాకుండా యాభై రోజులు దాటేసరికి వరదమ్మ ఆగలేకపోయింది. ఆమె ఆగలేని మనిషి. ఎదురింటి నాగులమ్మకు చెప్పింది, పాల సొసైటీలో చెప్పింది, కోడలికి నచ్చుతాయని పుల్లటి మామిడికాయలు కోయించింది, బరువులు ముట్టుకోనీయలేదు. యాభై రెండో రోజు మధ్యాహ్నం సుజన పెరట్లోంచి వచ్చి అత్తా అని నిలబడింది. వరదమ్మ ఒక్క మాట అనలేదు. పోనీలే మే, పిన్న వయసు, తొందరేముంది అని తనే ఓదార్చి, వరండాలో చాప పరిచింది. ఆ సాయంత్రం కొట్టంలో ఆవు వీపు మీద తల ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పాలచెంబు కోసం వెళ్లిన సుజన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. సూటిపోటి మాటలనే అత్త అయితే ఎదురు చెప్పి, పుట్టింటికి వెళ్లి, అమ్మ దగ్గర ఏడ్చి తిరిగి రావచ్చు. కొట్టంలో దాక్కుని ఏడ్చే అత్తను ఏం చేస్తారు? రెండోసారి డెబ్బై రోజులు ఆగింది. మళ్లీ నాగులమ్మ, మళ్లీ మామిడికాయలు, మళ్లీ కొట్టం. మూడోసారి వరదమ్మ బయట ఎవరికీ చెప్పలేదు, కానీ రోజూ పొద్దున్నే కోడలి ముఖం చూసేది, ఏమీ అడగకుండా చూసేది, ఆ చూపు రోజురోజుకూ పెద్దదయ్యేది. అది కూడా పోయింది. ఆ రాత్రి సుజన నిశ్చయించుకుంది, ఈమెను ఇంకోసారి ఏడిపించకూడదు, ఏదైనా నిజంగా నిలిచి, గట్టిపడి, మూడో నెల దాటాకే ఆశపెట్టాలి. సరిగ్గా ముప్పయ్యో రోజున, ఒంట్లో ఏమీ లేకుండానే, అత్తా, నేను దూరం అంది. చాప పరిచారు. చుక్క పెట్టారు.

ఎంత సులువు! ఆ ఇంట్లో మూడు రోజులు దూరం కూర్చుంటే ఎవరూ దగ్గరికి రారు, ఎవరూ ఏదీ చూడరు, అడగరు. వరండాలో వేరే చాప, వేరే పళ్లెం, వేరే చెంబు. వరదమ్మ అన్నం వడ్డించి దూరాన పెట్టి వెనక్కి జరిగేది, కానీ ఆ పళ్లెంలో నెయ్యి రోజూకంటే ఎక్కువ ఉండేది. నడుముకు బలమని మినప్పప్పు దంచిన ఉద్దిపిండిలో బెల్లం, నువ్వులనూనె వేసి కెలికి వేడివేడిగా ముద్ద పెట్టేది. తాకకుండా ఎంత ప్రేమ చూపించవచ్చో అంతా చూపించేది. లేని నొప్పికి సుజన నడుము పట్టుకుని కూర్చుని ఆ ముద్ద తినేది. మొదటి నెల గొంతు దిగలేదు. తర్వాత దిగింది, అదే సిగ్గుచేటు, తర్వాత ఆ మూడు రోజుల కోసం ఎదురుచూసేది కూడా, పని లేకుండా ఫోను చూసుకుంటూ. ఈ బస్సు కాసేపట్లో కాణిపాకం మీదుగానే వెళ్తుంది, జిల్లాలో అన్నదమ్ములూ పాలివాళ్లూ తగువులాడుకున్నా, దొంగతనం అంటగట్టినా వెళ్లి ప్రమాణం చేసే దేవుడు, ఆ దేవుడికి ఇంత దగ్గరగా ఉంటూ నెలకొక అబద్ధం. రెండేళ్లుగా సుజన ఆ గుడి లోపలికి వెళ్లలేదు. వెళ్దామన్న ప్రతిసారీ దూరమైపోయేది. వరదమ్మ పాపం, నీకు అచ్చిరాలేదే ఆ దేవుడి దర్శనం అని బాధపడేది.

పోయిన ఏడాది చిత్తూరులో చూపించారు. అక్కడి డాక్టరు కూడా నెలసరి సరిగా వస్తోందా అని అడిగింది, వరదమ్మ వస్తోందని చెప్పింది, అయితే మీలో లోపం లేదు, మీ ఆయనను పరీక్ష చేయించండి అంది. బాలచంద్రకు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారకముందే వెళ్తాడు. ఒక రోజు సెలవు పెట్టి వచ్చి, ల్యాబులో చిన్న డబ్బా పట్టుకుని, వరుసలో తలదించుకుని నిలబడ్డాడు. అందులోనూ ఏమీ లేదని వచ్చింది. ఇద్దరిలోనూ ఏమీ లేకపోతే మరి ఎందుకు కావడం లేదంటావ్ సుజనా అని ఆ రాత్రి మెల్లగా అడిగాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. అప్పుడు చెప్పి ఉంటే ఈ తెల్లమాత్ర ఏడాది ముందే కడుపులో పడేది. అప్పుడు చెప్పి ఉంటే ఆడి నెలలో అది. వద్దు. ట్రాక్టర్లు చూడు. ట్రాక్టర్లు అయిపోయాయి, ఇప్పుడు చెరకు తోటలు.

చెరకు తోటలు దాటితే పశుగ్రాసం మడి. పోయిన ఏడాది జూలై ఆఖరున, కావళ్లెత్తే ఆడి కృత్తిక పండగ వెళ్లిన వారం. పది రోజులుగా వికారం, ఎండ దెబ్బ అనుకుంది, తర్వాత ఎందుకో అనుమానమొచ్చి చిత్తూరు వెళ్లినప్పుడు మందుల షాపులో ఆ పుల్ల కొనుక్కుంది. పెరటి మరుగుదొడ్లో గోడకు ఆనుకుని నిలబడి చూసింది. రెండు గీతలు. రెండోది లేతగా, కానీ ఉంది, వెలుగులోకి తిప్పి చూసినా ఉంది. అరవాలనిపించింది. అత్తా అని పరుగెత్తబోయి, గుమ్మం దగ్గర ఆగింది. పన్నెండు రోజుల కిందటే వరండాలో కూర్చుని లేచింది. చుక్క ఇంకా ఆరలేదు. పన్నెండు రోజుల కిందట దూరమైన దానికి ఇప్పుడు నెల తప్పడమేమిటి? డాక్టరు దగ్గర ఎన్ని వారాలో చెప్తారు, ఆ వారాలకూ ఈ చుక్కకూ కుదరదు, ఊళ్లో మగడు వారానికి రెండు రాత్రులే ఉంటాడు. ఎవరైనా ఒక్క మాట అంటే? వరదమ్మ అనదు. కానీ ఒక్క క్షణం అనుకుంటే? ఇంకో నెల ఆగుదాం, వచ్చే నెల దూరం కూర్చోకుండా ఉంటే అత్తే అడుగుతుంది, అప్పుడు చెప్దాం, అన్నీ సర్దుకుంటాయి అనుకుంది. శనివారం ఆయనొస్తే చెవిలో చెప్దాం. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పకుండా దాన్ని మోసింది. దానితో మాట్లాడింది కూడా, పాలు పిండుతూ, కసవు చిమ్ముతూ, నువ్వు రవ్వంత ఓర్చుకో, నీ తేదీ నేను సరిచేస్తాను అని.

గురువారం వరదమ్మ మోకాలు వాచి లేవలేకపోయింది. ఈ పొద్దు నువ్వే గడ్డి తెచ్చెయ్ మే అంది. చెప్పకూడని సంగతి కాబట్టి వద్దనడానికి సాకు లేదు. సుజన రెండు మోపులు కోసింది. మొదటిది తెచ్చి కొట్టంలో వేసింది. రెండోది తలకెత్తుకుని గట్టు మీదికి వచ్చేసరికి కడుపులో ఎవరో చెయ్యి పెట్టి మెలితిప్పినట్టయింది. మోపు కింద పడేయలేదు. ఎందుకు పడేయలేదు? పడేస్తే మళ్లీ ఎత్తేవాళ్లు లేరని. ఇంటి దాకా తెచ్చి, దించి, దొడ్లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. చాలాసేపు కూర్చుంది. ఏం మే, ఇంకా కాలేదా, పాలబండి వచ్చేస్తాది అని అత్త వరండాలోంచి కేకేసింది. వస్తానత్తా. నీళ్లు పోసింది. చేతులు కడుక్కుంది. ఆ రోజు దూరం కూర్చోవడానికి కూడా లేదు, ఆ నెల చాప అయిపోయింది. నడుము పట్టుకోవడానికి లేదు, ఉద్దిముద్ద లేదు, ఎవరూ దూరం జరగలేదు. పాలు పిండి సొసైటీకి మోసుకెళ్లింది. శనివారం బాలచంద్ర వచ్చి, ఎందుకట్లా పాలిపోయినావు అన్నాడు. ఎండ అంది. గడ్డి మోసినంత మాత్రాన అలా జరగదని తర్వాత ఫోనులో చదివింది, ఒకచోట కాదు, పదిచోట్ల చదివింది. చదివిన ప్రతిసారీ తల మీద ఆ మోపు బరువు తెలిసేది. ఈ పదినెలల్లో ఒక్క రోజు కూడా ఆమె దాని కోసం ఏడవలేదు. ఎవరికీ తెలియని బిడ్డ కోసం ఎలా ఏడవాలో ఆమెకు తెలియలేదు.

బస్సు గతుకులో పడింది. వరదమ్మ ఉలిక్కిపడి లేచి, ముందు క్యాలెండర్లు చూసుకుని, తర్వాత కోడలిని చూసింది.

"యాడికొచ్చినాం మే? పాకాల దాటినామా?"

"ఇంకా లేదత్తా."

"వికారంగా ఉండాదా? నిమ్మకాయ వాసన సూడు." సంచిలోంచి నిమ్మకాయ తీసిచ్చి, వేళ్లు మడిచింది. "పద్నాలుగుకి నువ్వు బయట చేరతావు. పదైదున మాత్ర. బాలచంద్రకి ఫోన్ చేసి చెప్తా, ఈసారి వారం రోజులు లీవు పెట్టమని."  తర్వాత ఎవరికో వినబడుతుందేమోనన్నట్టు గొంతు తగ్గించింది. "ఆ మాత్ర నా చేత్తోనే నీ నోట్లో ఏస్తాలే. నువ్వు బయటుంటే మాత్రం ఏమాయె? ముట్టుకుంటే నాకేం కాదు. దేవుడికి నేను సెప్పుకుంటాలే."

పెళ్లయిన మూడేళ్లలో, ఆ మాటకొస్తే వరదమ్మ తన అరవై ఏళ్లలో, ఆ మూడు రోజులు ఎవరినీ తాకిన మనిషి కాదు. కన్నకూతురినే తాకలేదు. సుజన నిమ్మకాయ వంక చూసింది. నవ్వుదామనుకుంది, పొద్దున నవ్వినట్టే. నోరు నవ్వలేదు.

"అత్తా, పద్నాలుగుకి రాదు."

"ఏంది?"

"రాదు. పోయిన నెలా రాలేదు. అవన్నీ రాలేదత్తా. నువ్వు చుక్కలు పెట్టినావే, అవన్నీ నేను ఊరికే కూర్చున్నాను." మొదటి మాట బయటికొచ్చాక మిగతావి ఆపడం ఆమె చేతిలో లేకపోయింది. నువ్వు కొట్టంలో ఏడస్తావుంటే చూసినాను, మళ్లా ఏడవకూడదని సేసినాను, డాక్టరమ్మ అడిగితే భయపడినాను అని చెప్పింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూస్తున్నాడు, చూడనీ. "ఆడి నెలలో ఒకటి నిలిచింది. పోయింది. నేను ఎవరికీ సెప్పలేదు."

వరదమ్మ లేచి నిలబడింది. "హోల్డాన్" అని కండక్టరును కేకేసింది. ఇంకా పాకాల రాలేదమ్మా అని అతను అంటున్నా వినకుండా, సంచి భుజాన వేసుకుని, "దిగు" అంది. పుట్టింటికి పంపిస్తుంది, సుజన అనుకుంది, ఇక్కడే దింపి వెళ్లిపోతుంది, వెళ్లిపోనీ, అది న్యాయమే. లేచి మెట్లు దిగింది. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది. వరదమ్మ కోడలి మణికట్టు పట్టుకుని, లారీలు తప్పించుకుంటూ రోడ్డు దాటించి, తిరుపతి వైపు వెళ్లే బస్సులు ఆగే చోట వేపచెట్టు కింద నిలబెట్టింది. ఫోను తీసి, నాగులమ్మా, ఈ పొద్దు సాయంత్రం ఆవుల పాలు నువ్వు పిండెయ్, మేము రావడానికి లేటయితాది అంది. జ్వరమొచ్చినా, ఇంట్లో చావు జరిగినా సాయంత్రం పాలు వేరేవాళ్ల చేత పిండించిన మనిషి కాదు. ఫోను సంచిలో వేసి, "డాక్టరమ్మ ఐదు దాకా ఉంటాది. నిజం సెప్పేసి వద్దాం. మందు సరిగ్గా రాయించుకుందాం" అంది. తిట్టలేదు. సుజనకు అప్పుడు ఏడుపు రాలేదు.

ఎండ తగ్గలేదు. వరదమ్మ రోడ్డు వంకే చూస్తూ, ముఖం తిప్పకుండా అడిగింది.

"అది పోయింది యా పొద్దు?"

"ఆడి కృత్తిక అయినాక, రెండో గురువారం."

"ఆ పొద్దు నీసేత ఏం పని సేయించినాను?"

ఈ ప్రశ్న వస్తుందని సుజన ఊహించలేదు. "ఏం లేదత్తా. ఆ పొద్దు పనుకోమన్నావు నన్ను. మోకాలు నొప్పని నువ్వూ పనుకున్నావు. ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం."

"నేను పనుకోమన్నానా?"

"అన్నావత్తా."

వరదమ్మ తల ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఆ గురువారాన్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుర్తు చేసుకుంటున్నట్టుంది. మెల్లగా కోడలి వైపు తిరిగింది.

"నేను మంచం మీద, నువ్వు మంచం మీద. అట్లయితే సీమావులకి గడ్డి ఎవురు తెచ్చినారే సుజనా?"

 వరదమ్మ చెట్టు మొదట్లో కూలబడి, పట్టపగలు, దారినపోయేవాళ్లు చూస్తారన్న బిడియం కూడా లేకుండా, అయ్యో నా తల్లీ అని గొంతెత్తి ఏడ్చింది. సుజన ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆమె ఒడిలో తలపెట్టి, ఆ బిడ్డ కోసం మొదటిసారి ఏడ్చింది. తిరుపతి బస్సు వచ్చింది. ఇద్దరిలో ఒక్కరికీ చెయ్యెత్తి ఆపాలని తోచలేదు.